సబ్మిట్ నొక్కకముందే నంబర్ వెళ్లిపోతుందా?

వెబ్‌సైట్లు మన వివరాలు ఎలా తీసుకుంటాయి, తీసుకుని ఏం చేస్తాయి అని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: గ్రైండర్ కొనాలని ఇంట్లో మావారితో అన్నాను, అంతే. సాయంత్రానికి ఆయన ఫోన్ నిండా గ్రైండర్ ప్రకటనలే. ఫోన్ మన మాటలు వింటోందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

ఇందుకు మాటలు వినాల్సిన పని లేదండీ. అంతకంటే చౌక దారులు వాళ్ల చేతిలో ఉన్నాయి. ఆయనతో అనే ముందో తర్వాతో మీరు ఏదో ఒక షాపింగ్ సైట్‌లో గ్రైండర్లు చూసే ఉంటారు. ఆ పేజీలో దుకాణం కోడ్‌తో పాటు ప్రకటనల సంస్థ పెట్టించిన చిన్న కోడ్ కూడా ఉంటుంది. పేజీ తెరుచుకోగానే మీ బ్రౌజర్ ఆ సంస్థ సర్వర్‌ను కూడా పలకరిస్తుంది. మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా), ఫోన్ మోడల్, చూసిన పేజీ, చూసిన సమయం అక్కడ నమోదవుతాయి. గుర్తు కోసం మీ బ్రౌజర్‌లో ఒక కుకీ, అంటే చిన్న గుర్తింపు ఫైలు, పడుతుంది. తర్వాత మీరు వార్తల సైట్ తెరిస్తే అక్కడా అదే సంస్థ కోడ్ ఉంటుంది. 'గ్రైండర్ చూసిన మనిషి వచ్చింది' అని దానికి తెలుస్తుంది. పేజీ పూర్తిగా తెరుచుకునేలోపే అందులో ప్రకటన పెట్టే ఖాళీ జాగాకు ప్రకటనదారుల మధ్య వేలం జరిగిపోతుంది.

మరి మీవారి ఫోన్‌లోకి ఎలా వచ్చింది? ఇంట్లో అందరూ ఒకే వైఫై వాడితే బయటి సైట్లకు అందరూ ఒకే ఐపీ అడ్రస్‌తో కనబడతారు. ఒకే ఇల్లు అని పోల్చుకోవడానికి అది చాలు. ఇద్దరి ఫోన్లలో ఒకే జీమెయిల్ ఖాతా ఉంటే ఇక చెప్పేదేముంది.

తగ్గించుకోవాలంటే క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్ (మీరు తెరిచిన సైట్‌వి కాక బయటి సంస్థలవి) వరకు వెళ్లి బ్లాక్ చేయండి. కొన్ని ఫోన్లలో ఇది సైట్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. సఫారీ 2020 నుంచీ వీటిని తనంతట తానే ఆపుతోంది. ఫైర్‌ఫాక్స్ కూడా ఒక సైట్‌లో పడ్డ కుకీ ఇంకో సైట్‌కు కనబడకుండా విడివిడిగా ఉంచుతుంది. క్రోమ్ కూడా తీసేస్తానని 2020లో ప్రకటించి, 2024లో వెనక్కి తగ్గింది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు ఆ మీట స్వయంగా వేసుకోవాల్సిందే. బ్లాక్ చేశాక ఎక్కడైనా లాగిన్ మొరాయిస్తే ఆ ఒక్క సైట్‌కు మినహాయింపు ఇవ్వండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద యాడ్స్ అని ఉంటుంది, అక్కడ 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ' నొక్కండి. యాప్‌ల మధ్య కుకీ చేసే పని చేసేది ఆ ఐడీయే.

ఇంత చేసినా ఒక దారి మూతపడదు. మీరు దుకాణానికి ఇచ్చిన ఫోన్ నంబర్‌ను వాళ్లు సోషల్ మీడియా సంస్థకు అప్‌లోడ్ చేయవచ్చు. నంబర్‌ను నేరుగా పంపం, 'హ్యాష్' చేసి గజిబిజి అక్షరాలుగా మార్చి పంపుతాం అంటారు. కానీ ఏ నంబర్‌ను అలా మార్చినా ప్రతిసారీ అవే అక్షరాలు వస్తాయి. అవతలి సంస్థ తన దగ్గరున్న నంబర్లను అలాగే మార్చి సరిపోల్చుకుంటుంది. పైగా మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపినా 400 కోట్లకు మించవు. ఒక గేమింగ్ కంప్యూటర్ ఆ 400 కోట్లనూ సెకన్లలో హ్యాష్ చేసి అసలు నంబర్ ఏదో పట్టేస్తుంది. కుకీని చెరిపేయవచ్చు. బ్యాంకుకూ ఆధార్‌కూ కట్టేసి ఉన్న నంబర్‌ను మార్చడం ఎంత తలనొప్పో మీకు తెలుసు. అందుకే మా దృష్టిలో కుకీ కంటే నంబరే పెద్ద సంగతి.

ప్రశ్న: పర్సనల్ లోన్ వడ్డీలు పోల్చే సైట్‌లో నంబర్ టైప్ చేశాను. అనుమానం వచ్చి సబ్మిట్ నొక్కకుండా బయటికి వచ్చేశాను. అయినా గంటలో నాలుగు ఫోన్లు. ఎలా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, వరంగల్

ఫారంలో టైప్ చేసేది సబ్మిట్ నొక్కేదాకా మీ ఫోన్‌లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. పేజీలోని స్క్రిప్ట్ తలుచుకుంటే మీరు ఒక గడిలోంచి పక్క గడిలోకి వెళ్లగానే మొదటి గడిలో ఉన్నదాన్ని సర్వర్‌కు పంపేయగలదు. 2022లో ప్రచురించిన అధ్యయనం కోసం యూరప్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లక్ష ప్రముఖ సైట్లను పరిశీలించారు. యూరప్ నుంచి తెరిచినప్పుడు 1,844 సైట్లలో, అమెరికా నుంచి తెరిచినప్పుడు 2,950 సైట్లలో ఈమెయిల్ అడ్రస్ సబ్మిట్ చేయకముందే ట్రాకింగ్ సంస్థలకు చేరిపోయింది. లోన్ సైట్లలో దీనికి వ్యాపార కారణం కూడా ఉంది. అక్కడ నంబర్ అంటే 'లీడ్', అంటే కొనే అవకాశం ఉన్న మనిషి ఆచూకీ. సగం నింపి వదిలేసిన ఫారానికీ మార్కెట్లో ధర పలుకుతుంది. నంబర్‌ను మొదటి గడిలోనే అడిగేది అందుకే.

ఇక ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉండే టిక్ చదవండి. 'డీఎన్‌డీలో ఉన్నా సరే మాకూ మా భాగస్వాములకూ ఫోన్ చేసే అనుమతి ఇస్తున్నాను' అన్న అర్థం వచ్చే వాక్యం చాలా సైట్లలో ఉంటుంది. డీఎన్‌డీ అంటే ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకునే జాబితా. ఆ భాగస్వాములు ఎందరో, ఎవరో ఎక్కడా రాసి ఉండదు. 'క్రెడిట్ రిపోర్ట్ (మీ అప్పుల చరిత్ర) తీసుకోవడానికి అంగీకరిస్తున్నాను' అని ఇంకో టిక్ ఉంటే దానిదీ అంతే బరువు.

ఇప్పుడు చేయాల్సినవి చెబుతాం. డీఎన్‌డీలో లేకపోతే 1909కి 'స్టార్ట్ 0' అని ఇంగ్లిష్ అక్షరాల్లో మెసేజ్ పంపండి. అన్ని ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపమని దాని అర్థం. ఆ తర్వాతా వస్తే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో ఫిర్యాదు చేయండి. కాల్ వచ్చిన 7 రోజుల్లోపు చేయాలి, 2025కి ముందు ఈ గడువు 3 రోజులే. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పదంకెల మొబైల్ నంబర్ నుంచి లోన్ అమ్ముతున్నారంటే అదే ఫిర్యాదుకు కారణం, నంబర్‌తో పాటు తేదీ, సమయం రాసిపెట్టుకోండి.

తర్వాత మీ క్రెడిట్ రిపోర్ట్ తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. అందులో ఎంక్వైరీల భాగంలో మీ రిపోర్ట్‌ను ఏ సంస్థ ఏ తేదీన చూసిందో ఉంటుంది. మీరు అడగని పేరు కనబడితే ఆ బ్యూరో సైట్‌లోనే 'డిస్ప్యూట్' వేయండి.

ఒకవేళ సైట్‌లో కాకుండా లోన్ యాప్‌లో వివరాలు ఇచ్చి ఉంటే, ఫోన్ పర్మిషన్లు చూసుకోండి. రుణ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫొటోలు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అడిగే యాప్ ఉంటే తీసేయండి. బెదిరింపులు మొదలైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. వర్డ్‌ప్రెస్, వూకామర్స్ మీద నడుస్తోంది. కొత్త డేటా చట్టం మాలాంటి చిన్నవాళ్లకూ వర్తిస్తుందా? 250 కోట్ల జరిమానా అని విని భయం వేసింది.
– ఒక వ్యాపారి, మంగళగిరి

వర్తిస్తుంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో. ఫిర్యాదులు, జరిమానాలు చూసే డేటా ప్రొటెక్షన్ బోర్డు ఏర్పాటుకు సంబంధించినవి వెంటనే అమల్లోకి వచ్చాయి. మీకు తగిలే సమ్మతి, నోటీసు, భద్రత వంటి వాటికి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. కొన్ని వర్గాలకు కేంద్రం మినహాయింపు ఇచ్చే వీలుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. 250 కోట్లు అనేది డేటాకు తగిన భద్రత కల్పించనందుకు వేయగల గరిష్ఠ జరిమానా. తప్పు తీవ్రత, జరిగిన నష్టం, మీరు తీసుకున్న చర్యలు చూసి బోర్డు మొత్తం నిర్ణయిస్తుంది.

మొదట ఆర్డర్ ఫారం తెరిచి చూడండి. చీర పంపడానికి పేరు, చిరునామా, పిన్‌కోడ్, ఫోన్ నంబర్ కావాలి. పుట్టినతేదీ ఎందుకు? 'పుట్టినరోజుకు డిస్కౌంట్ మెసేజ్' అంటారా, అయితే అది వేరే ప్రయోజనం. దానికి వేరే టిక్ పెట్టండి, ముందే టిక్ వేసి ఉంచకండి. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో, సమ్మతి ఎలా వెనక్కి తీసుకోవాలో, బోర్డుకు ఎలా ఫిర్యాదు చేయాలో ఒక నోటీసు రాయాలి. దాన్ని ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో గానీ చదివే ఎంపిక కొనేవాళ్లకు ఉండాలి కాబట్టి తెలుగు ప్రతి తప్పకుండా పెట్టండి. ఒప్పుకోవడం ఎంత సులువో వద్దనడమూ అంతే సులువుగా ఉండాలి. ఒక్క టిక్‌తో చేర్చుకుని, తీసేయమంటే ఆఫీసుకు ఉత్తరం రాయమనడం కుదరదు.

వూకామర్స్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అండ్ ప్రైవసీ కింద రద్దయిన, విఫలమైన ఆర్డర్ల వివరాలు ఎన్నాళ్లు ఉంచాలో పెట్టుకునే చోటు ఉంది. చాలా దుకాణాల్లో ఆ గడులు ఖాళీగా ఉంటాయి, అంటే ఎప్పటికీ ఉంచమని. ఎవరైనా తమ వివరాలు చూపమన్నా చెరపమన్నా వర్డ్‌ప్రెస్ టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్, ఎరేజ్ పర్సనల్ డేటా అని రెండు ఉన్నాయి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అన్నీ చెరపకండి. ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది, ఇంకో చట్టం కోసం ఉంచాల్సినవాటిని చెరపక్కర్లేదని డేటా చట్టమూ ఒప్పుకుంటుంది. ఇన్‌వాయిస్ ఉంచి, ప్రచారపు జాబితాలోంచి పేరు తీసేయండి. పాత బ్యాకప్‌లలో ఆ పేరు ఇంకా ఉంటుందని గుర్తుంచుకోండి. బ్యాకప్ మళ్లీ ఎక్కించిన రోజు తొలగించినవాళ్లందరికీ మెసేజ్‌లు వెళ్లి గొడవ అయ్యేది ఇక్కడే.

చిన్న దుకాణాల్లో లీకేజీకి హ్యాకర్లు అక్కర్లేదు. కొరియర్ వాళ్ల కోసం పెట్టిన గూగుల్ షీట్‌కు 'లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని వదిలేయడం, ఉద్యోగి మానేశాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకపోవడం, అప్‌డేట్ చేయని ప్లగిన్ (సైట్‌కు అదనంగా కలిపే చిన్న ప్రోగ్రామ్), ఈ మూడూ చాలు. కార్డు నంబర్లు వాట్సాప్‌లో అసలు అడగకండి. కార్డు వివరాలను వ్యాపారులు దాచుకోవడం 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు మానిపించింది, ఆ పని పేమెంట్ గేట్‌వేకే వదలండి. ప్రకటనల కోసం మెటా (ఫేస్‌బుక్) పిక్సెల్ లాంటి ట్రాకింగ్ కోడ్ పెట్టించుకుని ఉంటే, వచ్చినవాళ్ల వివరాలు బయటి సంస్థకు వెళ్తున్నాయని నోటీసులో రాయాలి. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడు దాన్ని పెట్టాడో లేదో కూడా చాలామంది యజమానులకు తెలియదు, ఫోన్ చేసి అడగండి.

డేటా బయటపడితే సంబంధిత కొనుగోలుదారులకు ఆలస్యం లేకుండా చెప్పాలి. బోర్డుకూ వెంటనే తెలిపి, తెలిసిన 72 గంటల్లో పూర్తి వివరం ఇవ్వాలి. కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సర్ట్‌-ఇన్‌కు 6 గంటల్లో తెలపాలన్న 2022 ఆదేశం దీనికి అదనం. అది ఇప్పటికే అమల్లో ఉంది.

ప్రశ్న: గది బుక్ చేస్తే సైట్ ఆధార్ అప్‌లోడ్ చేయమంటోంది. ఇవ్వవచ్చా?
– ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం

గుర్తింపు కావాలంటే డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో చాలేమో ముందు అడగండి. ఆధారే అంటే మై ఆధార్ పోర్టల్‌లో 'మాస్క్‌డ్ ఆధార్' టిక్ చేసి డౌన్‌లోడ్ చేసుకోండి, అందులో చివరి 4 అంకెలే కనబడతాయి. ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమా వద్దు, మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఊహించగలరు. కాపీ మీద ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాయండి. మీ వేలిముద్రలతో వేరెవరూ ఆధార్ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ వేసి ఉంచండి. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో నకిలీ అచ్చులు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన వ్యక్తి 2018లో తెలంగాణలోనే పట్టుబడ్డాడు. పోర్టల్‌లో గత 6 నెలల అథెంటికేషన్ హిస్టరీ (మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూపే జాబితా) కూడా ఉంటుంది, అప్పుడప్పుడు చూస్తుండండి.

ప్రశ్న: డబ్లిన్‌లో ఉన్న మా అబ్బాయికి ప్రతి సైట్ కుకీల అనుమతి అడుగుతుందట. అదే సైట్ నాకిక్కడ అడగదు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సైట్ ఐపీ అడ్రస్‌ను బట్టి దేశం పసిగడుతుంది. అత్యవసరం కాని కుకీలకు ముందుగా అనుమతి తీసుకోవాలని యూరప్ చట్టం చెబుతోంది, ఆ అనుమతి ఎలా ఉంటే లెక్కలోకి వస్తుందో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే అక్కడి డేటా చట్టం గట్టిగా చెబుతోంది. అందుకే అక్కడ అడుగుతారు, ఇక్కడ అడగకుండానే పెట్టేస్తారు. అబ్బాయిని 'రిజెక్ట్ ఆల్' నొక్కమనండి, సైట్ మామూలుగానే పనిచేస్తుంది. అది కనబడకపోతే 'మేనేజ్' లోపల దాచి ఉంటారు.

ప్రశ్న: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు కదా?
– ఒక విద్యార్థి, తిరుపతి

ఇంట్లో మీ ఫోన్ తీసుకున్నవాళ్లకు తెలియదు. సైట్‌కూ, నెట్ ఇచ్చే కంపెనీకీ, కాలేజీ వైఫై నడిపేవాళ్లకూ మీ రాకపోకలు కనబడుతూనే ఉంటాయి. కిటికీ మూయగానే హిస్టరీ, కుకీలు పోతాయి, అంతవరకే. లోపల జీమెయిల్‌లో లాగిన్ అయితే ఆ ప్రయోజనమూ పోతుంది.

ప్రశ్న: ఫోన్‌లో 'వైరస్ ఉంది, వెంటనే నొక్కండి' అని నోటిఫికేషన్లు ఆగడం లేదు. ఏ యాప్ తీసేసినా పోవడం లేదు.
– ఒక గృహిణి, నెల్లూరు

అది యాప్ కాకపోవచ్చు. ఏదో సైట్ 'మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి' అంటే నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా వస్తుంది, మీకు తెలియని ప్రతి పేరునూ బ్లాక్ చేయండి. పైనే ఉండే మీటను ఆపేస్తే ఇకమీదట ఏ సైటూ అడగదు. వచ్చిన నోటిఫికేషన్లను మాత్రం నొక్కకుండా పక్కకు తోసేయండి.