విండోస్‌లో తెరుచుకోని ఫైళ్లు: తప్పు తెలుగు పేర్లది కాదు

"ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. లినక్స్‌లో సేవ్ చేసిన కొన్ని ఫైళ్లు విండోస్‌లో తెరుచుకోవట్లేదు. పేర్లన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చాలా?" అని అడిగారు. మార్చకండి. ముందు ఆ పేర్లలో కోలన్ గానీ ప్రశ్నార్థకం గానీ ఉందేమో చూడండి.

మా చెల్లెలికి అచ్చం ఇదే జరిగింది. పరిశోధన కోసం చేసిన ఇంటర్వ్యూల రికార్డింగులన్నీ రెండు సిస్టమ్‌లకీ ఉమ్మడిగా పెట్టుకున్న ఎన్‌టీఎఫ్ఎస్ (డిస్క్ మీద ఫైళ్లు దాచే విండోస్ పద్ధతి) పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లోని ఒక భాగంలో, ఉన్నాయి. లినక్స్‌లో తను వాడే రికార్డర్, తను ఇచ్చిన తెలుగు పేరు పక్కన టైమ్ కూడా చేర్చేది, 18:42:07 అన్నట్టు. విండోస్‌లోకి వెళ్తే ఫైళ్లు కనిపిస్తాయి కానీ తెరుచుకోవు. కాపీ కావు, పేరు మార్చనివ్వవు, చివరికి డిలీట్ కూడా కావు. కళ్లెదుట ఉన్న ఫైలునే దొరకలేదంటుంది విండోస్! "తెలుగులో పేర్లు పెడితే ఇంతే, డిస్క్ ఫార్మాట్ చేసెయ్" అని ఎవరో సలహా ఇచ్చారట. నాకు ఫోన్ చేసేసరికి దాని గొంతులో ఏడుపు. ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

డేటాకి ఏమీ కాలేదు. లినక్స్‌లో ఫైలు పేరుకి పనికిరానివి రెండే: / గీత, సున్నా బైటు. విండోస్ ఇంకా \ : * ? " < > | వీటన్నిటినీ వద్దంటుంది. పేరు చివర చుక్కనీ ఖాళీనీ కూడా ఒప్పుకోదు. డాస్ కాలం నాటి పరికరాల పేర్లు సీఓఎన్, పీఆర్ఎన్, ఎన్‌యూఎల్ లాంటివీ కుదరవు. కానీ డిస్క్ మీద ఎన్‌టీఎఫ్ఎస్‌కి కోలన్‌తో పేచీ లేదు. అందుకే లినక్స్ నిక్షేపంగా రాసేస్తుంది, విండోస్ దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుంటాం.

లినక్స్‌లోకి వెళ్లి కోలన్ల బదులు అడ్డగీతలు పెడదామంటే పార్టిషన్ రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే, తెరుచుకుంది. ఇది విండోస్ ఫాస్ట్ స్టార్టప్ నిర్వాకం. షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అందుకే లినక్స్ ఆ పార్టిషన్‌లో రాయనివ్వదు. రీస్టార్ట్ నొక్కితే మాత్రం పూర్తిగా ఆగి మళ్లీ లేస్తుంది. రెండు సిస్టమ్‌లు పెట్టుకున్నవాళ్లు ముందు ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపేయాలి. ఆ సంగతి విండోస్ ఎక్కడా చెప్పదు, అదే నా బాధ. ఆపేశాక పేర్లు మార్చాం, రికార్డింగులన్నీ విండోస్‌లో చక్కగా మోగాయి, తెలుగు పేర్లతోనే. ఏ పార్టిషన్‌ని ఎలా తెరవాలో లినక్స్‌కి చెప్పే ఎఫ్‌స్టాబ్ (/etc/fstab) ఫైలులో ఆ పార్టిషన్ వరుసకి "విండోస్_నేమ్స్" (windows_names) అనే ఆప్షన్ చేర్చుకోండి. విండోస్‌కి పడని పేరుతో ఫైలు పుట్టబోతే లినక్సే అక్కడికక్కడ ఆపుతుంది.

కంప్యూటర్‌లో ఏ తేడా వచ్చినా ముందు తెలుగునే అనుమానించే అలవాటు పోవాలి. ఇప్పటి విండోస్, లినక్స్ రెండూ తెలుగు పేర్లని బాగానే మోస్తాయి. నిజంగా చూసుకోవాల్సింది పొడవు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో పేరు 255 యూనిట్ల దాకా ఉండొచ్చు, తెలుగులో ఒక్కో గుర్తుకి ఒక యూనిట్ చాలు. లినక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు, అక్కడ ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి, అంటే 85 గుర్తులే. గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్క. "క్షే" ఒక్కటే నాలుగు గుర్తులు, 12 బైట్లు. విండోస్‌లో పెట్టిన పొడవాటి తెలుగు పేరు లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ కాకపోతే కారణం ఇదే. పేరు కాస్త కుదించండి, తెలుగులోనే.