సింగపూర్‌లో తడితో కాపురం

డిసెంబరులో సింగపూర్ వస్తున్నాం, స్వెటర్లు ఎన్ని తెచ్చుకోవాలి అని అడిగారు. మనిషికి ఒకటి చాలండీ. అదీ ఆఫీసు ఏసీకి, సినిమా హాలుకి. పెట్టెలో మిగిలిన చోటులో పల్చటి నూలు బట్టలు రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి. జీన్స్ తగ్గించండి, ఎందుకో కింద చెబుతా.

భూమధ్యరేఖకి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న ఊరిది. ఏడాది పొడుగునా పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 25 అటూ ఇటూ. రోహిణీ కార్తెకి రోళ్లు పగిలే ఎండలు చూసినవాళ్లం, 32కి భయపడతామా అని నేనూ అనుకున్నా. దిగిన రెండో రోజు పొద్దున్నే కూరగాయలకని వెళ్లి పావుగంటలో తిరిగొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మన ఎండలో చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం దాటుతుంది. వాన లేని మధ్యాహ్నాల్లో 60 దాకా తగ్గుతుంది, అంతే. పట్టిన చెమట ఒంటి మీదే ఉంటుంది. అందుకే ఇల్లు చూసుకునేటప్పుడు ఏసీలు ఎన్నున్నాయని అడగడం కన్నా ముందు, వంటింటి కిటికీ తెరిస్తే హాలుకి గాలి ఆడుతుందా, ఫ్యాన్ బాగా తిరుగుతుందా అని చూడండి.

వాన గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. నవంబరు నుంచి జనవరి దాకా బాగా ముసురు పట్టే కాలం, అంటే మీరు సరిగ్గా అందులోకే దిగుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నంతా మాడే ఎండ, మధ్యాహ్నానికి ఉరుములతో కుంభవృష్టి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొన్ని రోజులు తెల్లవారకముందే పక్కనున్న ఇండోనేషియా దీవి సుమత్రా వైపు నుంచి ఈదురుగాలితో ఓ వాన వచ్చి అరగంటో గంటో దంచి పోతుంది. గొడుగు సంచిలో ఎప్పుడూ ఉండాల్సిందే, కానీ పెద్దవానలో అది మోకాళ్ల కింద ఏమీ కాపాడదు. ఏదైనా అపార్టుమెంటు బ్లాకు కింద నిలబడి కాసేపు ఆగడమే మేలు. కొత్తలో నాకు ఓపిక ఉండేది కాదు, బూట్లు తడిపేసుకుని ఆఫీసుకి చేరేదాన్ని, ఆ ఏసీలో సాయంత్రం దాకా అవి ఆరేవి కావు. పిడుగుల హెచ్చరిక వస్తే ఈతకొలను లోంచి అందర్నీ బయటికి పంపేస్తారు. పిల్లలు ఏడ్చినా మీరు వాదించకండి.

ఇక అసలు పని బట్టలారేయడం. పాత హెచ్‌డీబీ ఇళ్లలో, అంటే ఇక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఫ్లాట్లలో, వంటింటి కిటికీ బయట వెదురు గెడలు గుచ్చే గొట్టాలు ఉంటాయి. బట్టలు గెడకి తొడిగి, క్లిప్పులు పెట్టి, ఆ బరువు మొత్తాన్ని పదో అంతస్తు కిటికీ లోంచి బయటికి తోయాలి. మొదటిసారి నా చేతులు వణికాయి. పొద్దున తొమ్మిదికల్లా ఆరేసి మధ్యాహ్నం ఒంటిగంట, రెండుకి తీసేయండి. కాస్త చెమ్మ ఉన్నా ఆరాయిలే అని మడతపెట్టారో, మర్నాడు బీరువా తెరిస్తే గుప్పుమని ముక్కిపోయిన వాసన. జీన్స్, దళసరి తువ్వాళ్లు వద్దనేది ఇందుకే. ముసురు రోజుల్లో ఒక గదిలో దండెం కట్టి, ఫ్యాన్ పెట్టి, ఏసీని డ్రై మోడ్‌లో, అంటే గదిలో తేమ లాగే పద్ధతిలో, వేయడమే గతి.

బీరువాని గోడకి ఆనించకుండా బెత్తెడు ఎడం పెట్టండి. సూపర్‌మార్కెట్లలో తేమ పీల్చే డబ్బాలు దొరుకుతాయి. లోపలి తెల్లటి గుళికలు తేమ లాగి కరుగుతాయి, కొన్ని వారాలకి డబ్బా నీళ్లతో నిండుతుంది. ఆ నీళ్లు పట్టుచీర మీదో తోలు సంచి మీదో ఒలికితే మరక వదలదు, కాబట్టి డబ్బా అడుగు అరలో పెట్టి పిల్లలకి అందకుండా చూసుకోండి. బూట్ల సంగతి ఇంకా చిత్రం. మావారు ముచ్చటపడి కొన్న జత ఒకటి పెట్టెలో నాలుగేళ్లు భద్రంగా దాచుకున్నారు. ఓ పెళ్లికి తీసి తొడుక్కుని మెట్రో స్టేషన్ దాకా నడిచేసరికి వెనకాల నల్లటి ముక్కలు రాలుతున్నాయి. అడుగుభాగం రొట్టెముక్కలా పొడిపొడి అయిపోయింది! అది పాలియురెథేన్, తేమకి లోలోపలే విరిగిపోతుందట. దాచుకుందామని ఖరీదైనవి తేకండి. తెస్తే వాడేయండి.

వంటింట్లో అప్పడాలు, ఉప్పు, కారం అన్నీ గాలి చొరని డబ్బాల్లోకి. ఆవకాయ పెద్ద జాడీ ఫ్రిజ్‌లో ఉంచి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. తడి గరిటె ఒక్కసారి తగిలితే చాలు, బూజు.

ఏసీ విషయంలో అద్దె ఒప్పందం బాగా చదవండి. మూడు నెలలకోసారి సర్వీసింగ్ అద్దెకున్నవాళ్లే చేయించాలని చాలావాటిలో రాసి ఉంటుంది. ఒకసారి నేను బద్ధకించాను. నీళ్లు పోయే గొట్టం జిగురు పట్టి మూసుకుపోయి, అర్ధరాత్రి పరుపు మీద టపటపా పడ్డాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు రసీదులు అడిగి, ఒకటి తక్కువైందని డిపాజిట్‌లో కోశాడు. రసీదులు దాచుకోండి.

డెంగీని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2020లో ఈ చిన్న దేశంలో 35 వేలకి పైగా కేసులు వచ్చాయి. పూలకుండీ కింద పళ్లెం, వాడని గెడల గొట్టం, బకెట్ అడుగు, ఎక్కడ నాలుగు చుక్కలు నిలిచినా వారం తిరక్కుండా దోమ పుడుతుంది. ఎన్‌ఈఏ, అంటే ఇక్కడి పర్యావరణ సంస్థ వాళ్లు ఇంటికొచ్చి టార్చిలైటు వేసి మరీ చూస్తారు, లార్వా కనబడితే జరిమానా. వీధిలో ఎర్ర బ్యానరు కడితే అక్కడ పది లేదా అంతకన్నా ఎక్కువ కేసులున్నట్టు. పిల్లలకి దోమల మందు రాసే కిందికి పంపండి.

సామాను తెచ్చిన అట్టపెట్టెలు మంచం కింద దాచకండి. చెమ్మ పీల్చిన అట్టంటే బొద్దింకలకి పండగే. దిగిన వారంలోనే కిందికి తీసుకెళ్లి పారేయండి, మరీ ముఖ్యంగా బియ్యం, పప్పులు వచ్చినవి.