చవక కూలీతో పేదల బతుకులు బాగుపడతాయా?

విదేశాల కోసం చవకగా పనిచేయడం దోపిడీయా, లేక దానివల్లే పేద దేశాలు పైకొస్తున్నాయా అని అడిగారు. మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఎదురుచెప్పే వీలున్నచోటే కూలి పెరగడం మా ఇంట్లో చూశాను.

అమ్మమ్మ, అమ్మ లేసు అల్లేవారు. మిషనరీలు నేర్పిన పని. మా లేసు యూరప్ వెళ్లడం మొదలై వందేళ్లు దాటింది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్లేవాడు, ఉండకింత అని కూలి. వంటయ్యాక అరుగు మీద కూర్చుంటే చీకటి పడేదాకా అమ్మ చెయ్యి ఆగేది కాదు. తెల్లదారం మాయకుండా ఒళ్లో పాత పంచె పరుచుకునేది. సూది రాపిడికి చూపుడువేలు కాయ కాచిపోయింది. రెండు తరాలు అల్లినా మా తాటాకిల్లు పెంకుటిల్లు కాలేదు. "ఖాళీగా కూర్చునేదానికి వచ్చిందే లాభం కదా" అనేవారు మగవాళ్లు. ఆడవాళ్లకు వేరే పని లేదు కాబట్టి ఏజెంటు చెప్పిందే రేటు.

తర్వాత పిన్ని ఇంటిపనికి కువైట్ వెళ్లింది. వాళ్ల శ్లాబు ఇల్లు, పిల్లల ఇంజనీరింగు చదువులు ఆ దినార్లవే. దాన్ని నేను తక్కువ చేయను. కానీ మొదటి ఇంట్లో పాస్‌పోర్టు తీసేసుకున్నారు, ఏడాదిన్నర ఒక్కరోజు సెలవు లేదు. అలా చేయకూడదని కువైట్ 2015లో చట్టం చేసింది. అది వంటింటిదాకా రావాలిగా! ఫిలిప్పీన్స్ అయితే 2006లోనే, నెలకు 400 డాలర్లకు తక్కువకి మా ఆడవాళ్లను ఇంటిపనికి పంపం అని తేల్చేసింది. పిన్నితో కలిసి అదే వంట, అదే తుడుపు చేసిన ఫిలిప్పీన్స్ అమ్మాయికి జీతం ఎక్కువ. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

2009లో వనామీ అనే రొయ్య రకం పెంచడానికి అనుమతి వచ్చాక భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లు పెరిగాయి. అమెరికా వెళ్లే సరుకే. తెల్లారేసరికి ఊళ్లోకి వ్యాను వచ్చేది. ఐసులో చేతులు పెట్టి రోజంతా తలలు తీయడం, తొక్క ఒలవడం, వేళ్లు పాచిపోతాయి. అయినా రోజుకూలి లేసుకన్నా నయమని మా వీధి అమ్మాయిలంతా అటెళ్లారు.

లేసుకు మనుషులు దొరకలేదు. ఒక సాయంత్రం ఏజెంటే మా అరుగు మీదికొచ్చి, "ఉండకు రేటు పెంచుతానమ్మా, మానొద్దు" అన్నాడు. అమ్మ వెంటనే సరేననలేదు. రెండు రోజులు ఆలోచించుకుని చెబుతానంది.