సియాటెల్‌లో ఉగాది సభకు ముందు ‘ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్’ (ఈ నేల ఏ ఆదివాసీ తెగలదో గుర్తిస్తూ చెప్పే మాటలు) చదవాలంటే ఏం రాయాలి?

ముందు ఆ హాలు ఎవరి నేల మీద ఉందో తేల్చుకోండి. నేటివ్ ల్యాండ్ అనే ఆన్‌లైన్ మ్యాపు మొదటి అడుగు మాత్రమే. అందులో హద్దులు ఒకదాని మీద ఒకటి పడతాయి, సుమారుగా ఉంటాయి. తర్వాత ఆయా తెగల సొంత వెబ్‌సైట్లు చూడండి. సియాటెల్ చుట్టూ డువామిష్, సుక్వామిష్, మకల్‌షూట్, స్నొక్వాల్మీ ప్రజల పేర్లు వస్తాయి.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. అమెరికా ప్రభుత్వంతో ఇక్కడి తెగలు చేసుకున్న 1855 పాయింట్ ఎలియట్ ఒప్పందం మీద డువామిష్, సుక్వామిష్‌ల తరఫున చీఫ్ సియాటెల్ సంతకం చేశారు. అయినా డువామిష్ తెగకు ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) గుర్తింపు లేదు. 2001లో వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. మిగతా మూడింటికీ ఉంది. డువామిష్ గుర్తింపును మకల్‌షూట్ తెగ వ్యతిరేకిస్తోంది కూడా. అందుకే ఒక్క పేరే చదివి ఊరుకుంటే, తెలియకుండానే ఒక పక్షం తీసుకున్నట్టవుతుంది.

నాలుగైదు వాక్యాలు చాలు. ‘ఒకప్పుడు ఇక్కడ ఉండేవారు’ అనకండి, వాళ్లు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. పేర్లు పలకడం వాళ్ల వీడియోలు విని నేర్చుకోండి. ఒప్పందం పేరు, సంవత్సరం తప్పకుండా చెప్పండి. అతిథులుగా మీరు గుర్తించగలరు, స్వాగతం పలికే హక్కు మాత్రం ఆ తెగ వాళ్లదే. వాళ్లలో ఒకరిని పిలిస్తే ముందుగానే అడిగి, నాట్య గురువులకు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వండి.

చదివి వదిలేస్తే అది వట్టి లాంఛనమే. సంఘం బడ్జెట్‌లో ఏటా కొంత పక్కన పెట్టండి: డువామిష్‌కైతే ‘రియల్ రెంట్’ అనే విరాళాల కార్యక్రమం ద్వారా నెలనెలా పంపొచ్చు. సభలో ఇచ్చే శాలువాల బదులు స్నొక్వాల్మీ తెగకు చెందిన ఎయిత్ జనరేషన్ దుకాణంలో కంబళ్లు కొనొచ్చు.