కాంట్రాస్ట్ డై పడని మా చెల్లికి కాన్పు తర్వాత బ్లీడింగ్ ఎలా ఆపారంటే

మీ భార్యకు ఎనిమిదో నెల అని, మాయ కాస్త కిందికి ఉందని, మూడేళ్ల కిందట సీటీ స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ డై ఎక్కించగానే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని రాశారు. కాన్పు తర్వాత బ్లీడింగ్ ఎక్కువైతే ఆ డై వాడకుండా ఆపగలరా అని అడిగారు. ఆపగలరు. నేను డాక్టర్‌ను కాను, బ్యాంకులో పని చేస్తాను. కానీ ఇలాంటి రాత్రే మా చెల్లి పక్కన గడిపాను కాబట్టి చూసింది, తర్వాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు ఒక మాట. బ్లీడింగ్ ఆపడానికి మొదట చేసే పనుల్లో దేనికీ డై అక్కర్లేదు. ఎక్కువ మందిలో కారణం, బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోవడం. అది ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ లాంటి మందులు ఇస్తారు, పొట్ట మీద నుంచి మర్దన చేస్తారు. మాయ ముక్క లోపల మిగిలిందేమో, ఎక్కడైనా చిరిగిందేమో చూస్తారు. రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ వేస్తారు. 2017లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, 21 దేశాల్లో 20 వేల మందికి పైగా బాలింతల్లో సుమారు సగం మందికి ఈ మందు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చి చూశారు. కాన్పైన 3 గంటల లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గింది. ఇవేవీ చాలకపోతే గర్భసంచి లోపల బెలూన్ పెట్టి సెలైన్‌తో నింపుతారు. డై అవసరం వచ్చేది ఇవన్నీ దాటాకే, అదీ కొందరికి మాత్రమే.

మా చెల్లి ఆ కొందరిలో ఉంది. ఉప్పల్ వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో రాత్రి ఒకటిన్నరకు నార్మల్ డెలివరీ అయింది, పాప. కాసేపటికే సిస్టర్ల నడక మారింది. రక్తంతో తడిసిన ప్యాడ్లు ఒక్కొక్కటీ తూకం వేస్తున్నారు, అంతకుముందు పాపను తూచిన అదే మిషన్ మీద. పొడి ప్యాడ్ బరువు తీసేస్తే గ్రాముకు ఒక మిల్లీలీటరు లెక్కట. సిస్టర్ అంకెలు చెబుతుంటే ఇంకో అమ్మాయి అరచేతి మీద పెన్నుతో కూడుకుంటోంది. లీటరు దాటిందన్నప్పుడు నాకు కాళ్లు ఆడలేదు.

బెలూన్ పెట్టి అంబులెన్సులో పెద్ద ఆసుపత్రికి పంపారు. హబ్సిగూడ, తార్నాక మీదుగా వెళ్తున్నంత సేపూ ఆమె నాలుక తడారిపోతూ నీళ్లు అడుగుతూనే ఉంది. అక్కడ యాంజియో, అంటే డై ఎక్కించి ఎక్స్‌రేలో రక్తనాళాల దారి చూడటం, చేసి గర్భసంచికి వెళ్లే రక్తనాళాలను మూస్తామన్నారు. సంతకం పెట్టేటప్పుడు రేడియాలజీ డాక్టర్ అడిగారు: "ఇంతకు ముందు ఎప్పుడైనా స్కాన్‌లో ఇంజెక్షన్ ఇస్తే తేడా వచ్చిందా?" అప్పుడు గుర్తొచ్చింది నాకు. 2019లో స్కూటీ మీద నుంచి పడినప్పుడు సీటీ తీస్తుంటే ఊపిరాడక, బీపీ పడిపోయి ఒక రాత్రి ఐసీయూలో ఉంచారు.

నర్సింగ్ హోమ్ ఫైల్లో మాత్రం అలర్జీలు ఏమీ లేవని ఉంది. చేర్చుకునేటప్పుడు "ఏమైనా పడవా అమ్మా, రొయ్యలు, చేపలు?" అని అడిగితే మా అమ్మ "అన్నీ శుభ్రంగా తింటది" అంది. అబద్ధం చెప్పలేదు. అమ్మకు అది స్కాన్ దగ్గర జరిగిన గొడవగా గుర్తుంది గానీ, మందు పడకపోవడంగా గుర్తులేదు. పైగా రొయ్యలకూ ఈ డైకీ సంబంధమే లేదట. రెండింటిలో అయోడిన్ ఉన్నా అలర్జీ అయోడిన్ వల్ల రాదు. రొయ్యలు పడనివాళ్లకు డై పడొచ్చు, రొయ్యలు లొట్టలేసుకుంటూ తినేవాళ్లకు పడకపోవచ్చు. బెటాడిన్ రాస్తే దురద పెట్టడం కూడా వేరే సంగతే. మీరు ఈ తేడా గట్టిగా పట్టుకోండి.

మా మరిది బండి మీద నాచారం ఇంటికి పరుగెత్తి, బీరువాలో ఆధార్ కాగితాల కవర్లో దొరికిన పాత డిశ్చార్జ్ సమ్మరీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అందులో డై పేరు అయోహెక్సాల్ అని, ప్రాణం మీదికి వచ్చిన రియాక్షన్‌కు వాడే అడ్రినలిన్ ఇచ్చామని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క ఫొటోతో దారి మారింది.

డాక్టర్ రెండు నిమిషాల్లో చెప్పారు. పాత రియాక్షన్ దద్దుర్లు, దురద వరకే ఉంటే వేరే రకం డై ఎంచుకుని, మత్తు డాక్టర్‌ను పక్కన ఉంచుకుని చేస్తారట. ముందే అనుకున్న స్కాన్ అయితే కొన్ని చోట్ల 13 గంటల ముందు నుంచే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడతారు. నరానికి ఇచ్చినా పట్టడానికి నాలుగైదు గంటలు కావాలి, ఇలాంటి ఎమర్జెన్సీలో అంత సమయం ఉండదు. మా చెల్లికి వచ్చింది ప్రాణం మీదికి తెచ్చిన రియాక్షన్ కాబట్టి డై బదులు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వాడతామన్నారు. మనం ఊపిరితో వదిలేదే. రక్తనాళంలోకి కొద్దిగా పంపితే ఎక్స్‌రేలో నాళం దారి కనిపిస్తుంది, రక్తంలో కరిగి ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది. గుండె, మెదడు వైపు దీన్ని వాడరు, పొట్ట కింది భాగానికి వాడొచ్చు. బొమ్మ డై అంత స్పష్టంగా రాదు, అన్ని చోట్లా చేయరు కూడా.

గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి జెల్‌ఫోమ్ అనే స్పంజి లాంటి ముక్కలతో నాళాలు మూశారు. అది కొన్ని వారాల్లో కరిగిపోతుంది. దాంతోపాటే ఇంకో కాగితం మీదా సంతకం తీసుకున్నారు: బీపీ ఇంకా పడితే ఆగకుండా థియేటర్‌కు తీసుకెళ్లి గర్భసంచికి కుట్లు వేయడం, నాళాలు కట్టడం, చివరికి గర్భసంచి తీసేయడం. వాటికీ డై అక్కర్లేదు. అంత దూరం పోలేదు. తెల్లారేసరికి బ్లీడింగ్ తగ్గింది. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కింది.

మీకు ఇంకా నెల సమయం ఉంది. మాయ కిందికి ఉంటే బ్లీడింగ్ ముప్పు ఎక్కువ కాబట్టి కాన్పు ఎక్కడో ఇప్పుడే తేల్చుకోండి. బ్లడ్ బ్యాంకు, రాత్రి పూట కూడా యాంజియో చేసే డాక్టర్లు ఉన్నారా, గ్యాస్‌తో చేయగలరా అని మొహమాటపడకుండా అడగండి. ఆస్తమా ఉంటే తప్పకుండా చెప్పండి, గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే మందుల్లో కార్బోప్రోస్ట్ వాళ్లకు ఇవ్వరు. బీపీ ఎక్కువగా ఉంటే అలాంటిదే ఇంకో మందు మెథర్జిన్ ఇవ్వరు. పాత స్కాన్ సెంటర్‌కు వెళ్లి డై పేరు, తేదీ, ఏం జరిగింది, ఏ మందు ఇచ్చారు అన్నది రాయించుకోండి. దాన్ని ఫైల్ మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో రాయమనండి, ఫొటో మీ ఫోన్లోనూ, మీ అత్తగారి ఫోన్లోనూ ఉంచండి. లేబర్ రూమ్ బయట ఆ రాత్రి ఎవరు నిలబడతారో ఇప్పుడే చెప్పలేం కదా.