కొన్న లింకులు పోతే ర్యాంకు ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: సొంత వెబ్‌సైటు ద్వారా మంగళగిరి చేనేత చీరలు అమ్ముతున్నాను. నిరుడు ఒక సంస్థ వారు వేలకొద్దీ బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి నా సైటుకు వచ్చే లింకులు) పెట్టించి గూగుల్ మొదటి పేజీకి తెస్తామంటే డబ్బు కట్టాను. కొన్నాళ్ళు సైటు పైకి వచ్చి, తర్వాత బాగా వెనక్కి పోయింది. ఇప్పుడు మరో సంస్థ వారు ఫోన్ చేసి, నా సైటుకు ‘టాక్సిక్ లింకులు’ (సైటుకు హాని చేసే చెడ్డ లింకులు) ఉన్నాయనీ, వాటిని తీసేస్తే పాత స్థానం వస్తుందనీ చెబుతున్నారు. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఇప్పుడే కట్టకండి. లింకులు తీసేసినంత మాత్రాన పాత స్థానం తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

గూగుల్ వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ప్రచురించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి, ఒక పేజీ మరో పేజీకి ఇచ్చే లింకును సిఫారసుగా లెక్కగట్టింది. పలుకుబడి ఉన్న పేజీ చేసే సిఫారసుకు విలువ ఎక్కువ. ఆ విలువ కోసమే లింకులను కొనడం, అమ్మడం మొదలైంది. డబ్బిచ్చి సభకు తోలించిన జనం లాంటివే ఈ లింకులు.

ఇందులో మోసపోయింది చిన్న వ్యాపారులు మాత్రమే కాదు. అమెరికాలోని పెద్ద దుకాణాల సంస్థ జేసీపెన్నీ, 2010 చివరి పండుగల అమ్మకాల కాలంలో దుస్తులు, పరుపులు, తివాచీలు ఇలా ఏది వెతికినా గూగుల్‌లో మొదటి వరుసలో కనిపించేది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆరా తీస్తే, గురక గురించీ, చేపల వేట గురించీ నడిచే సంబంధం లేని సైట్ల నుంచి కూడా ఆ దుకాణానికి లింకులు ఉన్నట్టు బయటపడింది. గూగుల్ చర్య తీసుకున్న సాయంత్రం, ఒక రకం ప్రయాణపు పెట్టెల వెతుకులాటలో ఒకటో స్థానంలో ఉన్న ఆ సంస్థ రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. తమకేమీ తెలియదని చెప్పిన సంస్థ, సెర్చ్ పనులు చూసే కన్సల్టెంటును తొలగించింది. లింకులు ఎవరు పెట్టించినా దెబ్బ మాత్రం సైటుకే తగిలింది.

ఆ తర్వాత 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, ఇలాంటి సైట్లను పెద్ద ఎత్తున వెనక్కి నెట్టింది. 2016 సెప్టెంబరు నుంచి ధోరణి మారింది: చెత్త లింకులు కనిపిస్తే సైటును శిక్షించే బదులు, చాలావరకు ఆ లింకులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తున్నారు. మీ విషయంలోనూ ఇదే జరిగి ఉండే అవకాశం ఎక్కువ. కొన్న లింకులు మోసినంత కాలం సైటు పైన ఉంది, వాటి విలువ సున్నా కాగానే తన అసలు స్థానానికి వచ్చింది. అలాంటప్పుడు, లెక్కలోనే లేని లింకులను తీయించడానికి మళ్ళీ డబ్బు పోయడం వృథా. ‘టాక్సిక్’ అంటూ చూపించే మార్కులు కూడా బయటి సంస్థల పనిముట్లు వేసుకున్న అంచనాలే తప్ప గూగుల్ ఇచ్చినవి కావు.

అయితే ఒకటి తప్పక చూడాలి. సైటు యజమానుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో ‘మాన్యువల్ యాక్షన్స్’ (గూగుల్ సిబ్బంది స్వయంగా చూసి వేసిన శిక్షలు) పేజీ తెరవండి. సమస్యలేమీ లేవని ఉంటే లింకుల జోలికి పోనవసరం లేదు. సైటుకు అసహజమైన లింకులు ఉన్నాయన్న నోటీసు ఉంటే మాత్రం పని ఉంది: లింకులు పెట్టించిన సంస్థ నుంచి జాబితా రాబట్టి, వాటిని తీసేయమని ఆయా సైట్ల వారికి రాసి, ఆ ఉత్తరాలను దాచుకోవాలి; తీయనివాటిని డిసవో ఫైలులో (ఈ లింకులను లెక్కించవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితాలో), వరుసకొక డొమైన్ చొప్పున, ముందు ‘డొమైన్:’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చి ఇవ్వాలి; ఆపైన జరిగింది దాచకుండా చెబుతూ పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకోవాలి. ఈ ఫైలును తొందరపడి తయారుచేస్తే నిజమైన కొనుగోలుదారులు, పత్రికలవారు ఇచ్చిన మంచి లింకులు కూడా అందులో కొట్టుకుపోతాయి. చాలా సైట్లకు దీని అవసరమే ఉండదని గూగుల్ స్వయంగా చెబుతోంది.

ర్యాంకు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీ దుకాణం పేరు. ఇలాంటి ప్యాకేజీల లింకులు తరచుగా జూదం సైట్ల పక్కన, అర్థంపర్థం లేని వ్యాసాల మధ్య ఉంటాయి. పెళ్ళి చీరలకు మీ దగ్గర వేలల్లో డబ్బు పెట్టబోయే కుటుంబం దుకాణం పేరు కొట్టి వెతికినప్పుడు అలాంటి పేజీ కంటబడితే, గూగుల్ ఏ శిక్షా వేయకపోయినా మీ అమ్మకం పోయినట్టే. మీ పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి మీరే వెతికి చూడండి. అక్కడ కనబడే పేజీలను తీయించడానికి శ్రమపడటం న్యాయం.

ఆ డబ్బును మీ సైటులో పెట్టండి. గుంట మగ్గం మీద నేత ఎలా సాగుతుందో, నిజాం అంచును ఎలా గుర్తుపట్టాలో, మరమగ్గం చీరకూ చేనేత చీరకూ తేడా ఎలా పట్టుకోవాలో దగ్గరి ఫొటోలతో వివరించే పేజీ ఒక్కటున్నా, చీరల గురించి రాసేవారు అడగకుండానే దానికి లింకు ఇస్తారు. ఎవరికైనా డబ్బిచ్చి మీ చీరల గురించి రాయించుకుంటే తప్పు లేదు గానీ, ఆ లింకుకు 2019 నుంచి వాడుకలో ఉన్న ‘స్పాన్సర్డ్’ గుర్తు (అది డబ్బిచ్చి పెట్టించిన లింకని గూగుల్‌కు తెలిపేది) పెట్టమని రాసేవారికి ముందే చెప్పండి.