బొమ్మ రైళ్ల కంపెనీ మార్క్లిన్ ఎలా ఎదిగింది?

జర్మనీకి చెందిన మార్క్లిన్ మొదట్లో రైళ్లు చేయలేదు. 1859లో గోపింగెన్ ఊళ్లో రేకు పనివాడైన థియోడర్ మార్క్లిన్ బొమ్మరిళ్లకు బుల్లి వంటసామాను చేసి అమ్మేవాడు. 1866లో ఆయన పోయాక భార్య కరోలిన్ వ్యాపారాన్ని భుజాన వేసుకుంది. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి సరుకు పట్టుకుని ఊరూరా తిరిగి అమ్మడం మామూలు విషయం కాదు. నా దృష్టిలో ఈ కంపెనీకి అసలు పునాది ఆమే.

మలుపు మాత్రం 1891లో, లైప్‌జిగ్ సంతలో వచ్చింది. కీ ఇస్తే నడిచే రైలు, ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు. అంతకన్నా పెద్ద విషయం, పట్టాల వెడల్పుకు ఖాయమైన కొలతలు పెట్టడం. దాంతో ఈ ఏడాది ఇంజను, పైఏడాది రెండు పెట్టెలు, ఆ తర్వాత ఒక స్టేషను అంటూ సెట్టును పెంచుకుంటూ పోవచ్చు. కొన్నవాళ్లే మళ్లీ వచ్చి కొనేవారు.

1935లో బల్ల మీద పట్టే చిన్న సైజు, 1972లో పట్టాల మధ్య 6.5 మిల్లీమీటర్లే ఉండే ‘జెడ్’ సైజు వచ్చాయి. 2009లో, సరిగ్గా 150 ఏళ్లు నిండిన ఏడాదే, కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2013లో సింబా డిక్కీ బొమ్మల సంస్థను నడిపే కుటుంబం దాన్ని కొనుక్కుంది. ప్రధాన కార్యాలయం ఇప్పటికీ గోపింగెన్‌లోనే ఉంది.